పాత రివాల్వర్లు: సేకరించేవాళ్లలో, కాల్చేవాళ్లలో తిరిగే అపోహలు

"దీని మీద 38 అని ఉంది. నేను వేసేదీ 38 తూటాలే. మరి కేసులు (మందు నింపిన ఇత్తడి తొడుగులు) ఎందుకు చీలిపోతున్నాయి?" పాత రివాల్వర్లు బాగుచేసే నాలాంటి వాళ్లకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. గొట్టం మీద రాత చూసో, వయసు చూసో, మెరుపు చూసో లోపలి సంగతి తేల్చేయడం ఈ రంగంలో మామూలైపోయింది. నాకు ఎక్కువగా వినిపించే అపోహలు ఇవి. ముందుగా ప్రమాదకరమైనవి.

అపోహ: తూటా సిలిండర్‌లో పట్టిందంటే కాల్చవచ్చు.

పట్టడం వేరు, సరిపోవడం వేరు. సిలిండర్ అంటే తూటాలు నింపే తిరిగే భాగం, అందులో ఒక్కో తూటా కూర్చునే రంధ్రమే చాంబర్. రెండో ప్రపంచ యుద్ధకాలంలో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ బ్రిటన్‌కూ కామన్వెల్త్ దేశాలకూ పెద్ద సంఖ్యలో విక్టరీ మోడల్ రివాల్వర్లు పంపింది. వాటి చాంబర్లు పొట్టిగా, కాస్త లావుగా ఉండే 38 స్మిత్ అండ్ వెసన్ కేసుకు తగ్గట్టు చేసినవి. 38 స్పెషల్ కేసు అంతకంటే పొడవు, కానీ సన్నం. యుద్ధం అయ్యాక చాలా రివాల్వర్లలో చాంబర్లను ముందుకు తొలిచి, 38 స్పెషల్ పట్టేలా చేసి అమ్మారు. ముందు భాగాన్ని తొలవగలరు గానీ, వెనక భాగాన్ని సన్నం చేయలేరు కదా! అందుకే కాల్చిన కేసు అడుగు దగ్గర ఉబ్బుతుంది, ఒక్కోసారి నిలువునా చీలుతుంది. కేసు కొనన ఉండి దూసుకుపోయే గుండు కొలత కూడా వేరే. అసలుది సుమారు 0.361 అంగుళాలు, స్పెషల్‌ది 0.357 లేదా 0.358. గొట్టంలో అది వదులుగా పోతుంది కాబట్టి గురి కూడా చెడుతుంది.

వెబ్లీ మార్క్ 6 సంగతి ఇంకా తీవ్రమైనది. 1915లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న ఈ రివాల్వర్ 455 తూటా కోసం తయారైంది. ఆ తూటాలు దొరకడం తగ్గాక, అర్ధచంద్రాకారపు క్లిప్పులతో 45 ఏసీపీ అనే పిస్టల్ తూటా పట్టేలా సిలిండర్ వెనక ముఖాన్ని కోసేశారు. తూటా చక్కగా కూర్చుంటుంది, పేలుతుంది కూడా. కానీ ఫ్యాక్టరీ 45 ఏసీపీ ఒత్తిడి 455 ఒత్తిడికంటే చాలా ఎక్కువ. వెబ్లీ దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. "ఇప్పటిదాకా ఏమీ కాలేదు" అనేవాళ్లుంటారు. లోహం అలిసిపోయేది చెప్పి కాదు.

మీ చేతిలో ఉన్నది ఏదో తెలియకపోతే రాతను నమ్మకుండా అచ్చు తీయండి. సెర్రోసేఫ్ అనే మిశ్రమలోహం మరిగే నీటికన్నా తక్కువ వేడికే కరుగుతుంది. ఖాళీ సిలిండర్‌ను విప్పి, శుభ్రం చేసి, ముందు వైపు గుడ్డతో మూసి, ఒక చాంబర్‌లో పోస్తే కాసేపటికి గట్టిపడి ఊడి వస్తుంది. దాన్ని మైక్రోమీటర్‌తో కొలవాలి. ఎక్కడ మొదటి చాంబర్ ఆగింది, ఎక్కడ కొత్తగా తొలిచారు అన్నది ఆ అచ్చు మీద చిన్న మెట్టులా కనిపిస్తుంది.

అపోహ: అప్పటి ఉక్కు ఇప్పటిదానికంటే గట్టిది.

ఇది విన్నప్పుడల్లా నవ్వొస్తుంది. 1873లో వచ్చిన కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ బ్లాక్ పౌడర్ (పొగ వచ్చే పాతకాలపు నల్లమందు) కోసం పుట్టింది. పొగరాని మందుకు కంపెనీ పూచీ ఇచ్చింది 1900 ప్రాంతంలోనే. స్మిత్ అండ్ వెసన్ తన 38 మిలిటరీ అండ్ పోలీస్ సిలిండర్లను వేడి ప్రక్రియతో గట్టిపరచడం మొదలుపెట్టింది మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాకే. ఒకే మోడల్, ఒకే ఆకారం ఉన్నా సీరియల్ నంబరును బట్టి ఓర్చుకునే శక్తి వేరు. నా మట్టుకు బ్లాక్ పౌడర్ కాలపు రివాల్వర్లో పొగరాని మందు తక్కువ మోతాదులోనైనా వేయను. 38 స్పెషల్ పాతవాటిలో ప్లస్ పీ (మామూలుకన్నా ఎక్కువ ఒత్తిడి ఉండే) తూటాలూ వేయను.

చూడాల్సిన చోటు సిలిండర్ బయటివైపు ఉన్న గాళ్లు. సిలిండర్‌ను నిలిపే చిన్న బోల్టు వచ్చి కూర్చునే గుంటలవి. ఆరు తూటాల రివాల్వర్లలో చాలావాటికి ఆ గుంట చాంబర్ మీదే పడుతుంది కాబట్టి గోడ అక్కడే అతి పలచన. లైటు వాలుగా వేసి చూస్తే గుంట అడుగున ఉబ్బు తెలుస్తుంది. గొట్టం వెనక అంచున సన్నని పగులు ఉందేమో కూడా అప్పుడే చూసేయండి.

అపోహ: హ్యామర్‌ను (తూటాను కొట్టి పేల్చే భాగాన్ని) మొదటి గాడిలో ఉంచితే ఆరు తూటాలతో నడుముకు పెట్టుకోవచ్చు.

పాత సింగిల్ యాక్షన్లో, అంటే ప్రతిసారీ హ్యామర్‌ను బొటనవేలితో లాగాల్సిన రకంలో, ఆ గాడిని పట్టి ఉంచేది ట్రిగ్గర్ సన్నని కొన ఒక్కటే. రివాల్వర్ హ్యామర్ మీద పడితే ఆ కొన విరుగుతుంది, కింద ఉన్న తూటా పేలుతుంది. అందుకే ఐదే నింపుతారు. ఒకటి వేయి, ఒకటి వదిలేయి, నాలుగు వేయి, హ్యామర్ పూర్తిగా లాగి నెమ్మదిగా దించు. ఖాళీ చాంబర్ సరిగ్గా హ్యామర్ కిందికి వస్తుంది. అలా దించేటప్పుడు గొట్టం సురక్షితమైన వైపే ఉండాలని వేరే చెప్పనక్కర్లేదు.

డబుల్ యాక్షన్ (ట్రిగ్గర్ లాగితే హ్యామర్ తానే లేచే రకం) అయితే భయం లేదనీ అంటారు. 1944లో అమెరికా నౌకాదళపు ఓడ మీద ఒక విక్టరీ మోడల్ కింద పడి పేలింది, ఒక నావికుడు చనిపోయాడు. లోపల హ్యామర్‌కు అడ్డుపడే భాగం ఉన్నా అది పనిచేయలేదు. ఆ తర్వాతే స్మిత్ అండ్ వెసన్ కొత్త రకం అడ్డుపలక పెట్టింది. రూగర్ తన సింగిల్ యాక్షన్లలో ట్రాన్స్‌ఫర్ బార్ (ట్రిగ్గర్ లాగితేనే హ్యామర్ దెబ్బను తూటాకు అందించే పలక) తెచ్చింది 1973లో. విచిత్రం ఏమిటంటే, చవక రివాల్వర్లని సేకర్తలు చిన్నచూపు చూసే ఐవర్ జాన్సన్ కంపెనీ అలాంటి ఏర్పాటును 1890ల్లోనే వాడింది.

అపోహ: సిలిండర్‌ను మణికట్టు విసురుతో మూయడం స్టైలు.

సినిమాల్లో స్టైలే. దానివల్ల సిలిండర్‌ను మోసే చేయి వంగుతుంది, చాంబర్లు గొట్టానికి వరస తప్పుతాయి, గుండు అంచు చెక్కుకుని సీసపు ముక్కలు పక్కవాళ్ల మీద పడతాయి. నా రివాల్వర్ అలా మూసినవాళ్లకు రెండోసారి ఇవ్వను.

అపోహ: సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య సందు ఉంటే అరిగిపోయినట్టే.

సందు లేకపోతే మసి పట్టి సిలిండర్ తిరగదు. సన్నని రేకుల ఆకు గేజితో కొలిస్తే 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల దాకా మామూలు. అంతకు బాగా మించితే ఆలోచించాలి. అక్కడి నుంచి వేడి వాయువు కత్తిలా వస్తుంది కాబట్టి వేళ్లు ఆ పక్కకు పోనివ్వకండి. దీనికి పేరున్న మినహాయింపు 1895 నాటి రష్యన్ నాగాంత్. హ్యామర్ లేచేటప్పుడు ఏడు తూటాల సిలిండర్ ముందుకు జరిగి గొట్టానికి అతుక్కుంటుంది. ఆ పనంతా వేలితోనే చేయాలి కనుక దాని డబుల్ యాక్షన్ ట్రిగ్గర్ లాగడం ఒక వ్యాయామం.

అపోహ: మెరిసేదానికే విలువ. భాగాల మీది సీరియల్ నంబర్లు కలవకపోతే పనికిరాదు.

రెండూ సగం నిజాలు, అందుకే ఎక్కువ నష్టం చేస్తాయి. అసలు నీలిపూత సగం పోయిన రివాల్వర్‌కు, అందంగా కొత్త పూత వేసిన దానికన్నా ఎక్కువ ధర పలకడం సేకర్తల్లో మామూలే. కొత్త పూతకు ముందు సానపడతారు. ఆ సానే గుట్టు బయటపెడుతుంది. పదునుగా ఉండాల్సిన అంచులు గుండ్రబడతాయి, కంపెనీ అక్షరాలు మసకబారతాయి, స్క్రూ చిల్లుల చుట్టూ లోహం చిన్న గిన్నెలా లోపలికి దిగుతుంది. పాత స్మిత్ అండ్ వెసన్ల హ్యామర్, ట్రిగ్గర్ మీద కేస్ హార్డెనింగ్ (లోహం పైపొరను గట్టిపరచడం) వల్ల వచ్చే రంగులు ఉండడం రివాజు. వాటికీ నికెల్ పూత ఉంటే అనుమానించాలి.

స్మిత్ అండ్ వెసన్ పక్క పలకనూ (లోపలి యంత్రాంగాన్ని కప్పే మూతను) చూడండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఆ అతుకు గీత కంటికి ఆనదు. స్పష్టంగా కనిపిస్తే సానపట్టారు, లేదా ఎవరో స్క్రూడ్రైవర్ దూర్చి పెకలించారు. ఆ పలకను ఎప్పుడూ పెకలించకూడదు. స్క్రూలు తీసి, పిడి ఫ్రేమును చెక్క పిడితో చిన్నగా తడుతూ ఉంటే అదురుకు అదే పైకి లేస్తుంది. స్క్రూలను తీసిన వరసలోనే పెట్టుకోండి, అన్నీ ఒకే రకం కావు.

ఇక నంబర్లు. సాధారణంగా కలిస్తేనే మంచిది. కానీ అమెరికా సైన్యం 1890ల్లో తన ఏడున్నర అంగుళాల కోల్ట్‌లను విప్పి, గొట్టాలు ఐదున్నర అంగుళాలకు కోసి, భాగాలు కలగలిపి మళ్లీ బిగించింది. సేకర్తలు ఆర్టిలరీ మోడల్ అనేవి ఇవే. వాటిలో నంబర్లు కలవకపోవడమే సహజం, అన్నీ కలిసినదాన్ని ఇంకోసారి పరీక్షించాలి. అశ్వికదళపు కోల్ట్‌ల మీద నకిలీ తనిఖీ ముద్రలు కొట్టడం ఎప్పటినుంచో ఉన్న విద్య. అమ్మేవాడు చెప్పే కథకు డబ్బు ఇవ్వకండి. ఆ సీరియల్ నంబరు ఎప్పుడు, ఎక్కడికి వెళ్లిందో చెప్పే పత్రం కోల్ట్ పాత దస్తావేజుల నుంచీ, స్మిత్ అండ్ వెసన్‌కైతే దాని చరిత్ర ఫౌండేషన్ నుంచీ తెప్పించుకోవచ్చు.

అపోహ: రివాల్వర్‌కు నూనె రాసి దాని తోలు హోల్‌స్టర్‌లోనే (ఒరలోనే) దాచాలి.

తోలులో ఉండే ఆమ్లం, చెమ్మ కలిసి తుప్పు తెస్తాయి. హోల్‌స్టర్ వేరేచోట ఉండాలి. శుభ్రం చేయడంలోనూ నూనె ఒక్కటే చాలదు. పాత సైనిక తూటాల ప్రైమర్లు (అడుగున ఉండి మందును అంటించే బిళ్లలు) పేలాక మిగిలేది పొటాషియం క్లోరైడ్, అంటే ఒక ఉప్పు. అది నూనెలో కరగదు. వేడి నీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, అప్పుడు నూనె రాయాలి. బ్లాక్ పౌడర్ మసికీ ఇదే మందు. అమ్మోనియా ఉన్న గాజు తుడిచే ద్రవం ఆ ఉప్పును విరిచేస్తుందంటారు, నిజానికి పనిచేసేది అందులోని నీరే. పైగా నికెల్ పూత పగిలినచోట అమ్మోనియా కింది రాగి పొరను తినేసి, పూతను పొరలుగా ఊడగొడుతుంది.

అపోహ: పురాతనమైతే చట్టం వర్తించదు.

అమెరికా ఫెడరల్ చట్టంలో 1898 లేదా అంతకుముందు తయారైనవి పురాతన వస్తువులు. అక్కడి రాష్ట్రాల్లోనే నియమాలు మారతాయి, ఇతర దేశాల్లో లెక్క పూర్తిగా వేరు. కొనకముందే కనుక్కోండి.

అపోహ: పాతవాటికి గురి ఉండదు.

తప్పు తూటా వేస్తే ఉండదు. వెబ్లీలో చాంబర్ ముందు నోరు గొట్టంకన్నా బిగువు. అందుకే 455 గుండును మెత్తని సీసంతో, అడుగున బోలుగా చేశారు. పేలినప్పుడు ఆ బోలు అడుగు విచ్చుకుని గొట్టం లోపలి మెలి గాళ్లను పట్టుకుంటుంది. గట్టి సీసపు నిండు గుండు వేస్తే కాగితం మీద అడ్డంగా తగిలిన రంధ్రాలు కనిపించినా ఆశ్చర్యం లేదు. 1851 కోల్ట్ నేవీకి వెనక సైటు (గురి చూసే గుర్తు) హ్యామర్ తలలో ఉన్న చిన్న గంటు. హ్యామర్ లాగితే తప్ప అది కనబడదు. దాని సైటు అమరిక దూరానికి ఉద్దేశించింది కాబట్టి 25 గజాల్లో గుండు గురికి పైన పడుతుంది, కిందికి పట్టి కాల్చాలి. ముందు సైటు మార్చి సరిచేయాలన్న ఉబలాటం ఉంటే ఇటలీలో తయారయ్యే నకళ్ల మీద తీర్చుకోండి. అసలుదాని మీద ఆకురాయి పెట్టకండి.