‘సశేషం’ దగ్గర మొదలైన తగువు

నవల ఎంత వేగంగా నడవాలి, ఒక్కో భాగం ఎన్ని పదాల్లో ముగియాలి, ప్రతి భాగం చివరా పాఠకుణ్ణి ఉత్కంఠలో వదిలి తీరాలా అన్న తగువు తెలుగులో మళ్ళీ రాజుకుంది. ఫోన్ యాప్‌లలో రోజుకొక భాగం చొప్పున నవలలు రాస్తున్నవారి మీద, అందులోనూ ముఖ్యంగా స్త్రీల మీద, అచ్చు నవలల పక్షం చేస్తున్న ఆరోపణ సూటిగానే ఉంది. వెయ్యి పదాలకొక మలుపు, వర్ణన రెండు వాక్యాలకు మించకూడదు, మొదటి పేరాలోనే గొడవ మొదలవ్వాలి, చివరి వాక్యం ప్రశ్నగా మిగలాలి వంటి చిట్కాలు నవల నడకను పాడుచేశాయని వారంటున్నారు. ఈ చిట్కాలు ఎక్కడ పుట్టాయో, ఎవరి అవసరం కోసం పుట్టాయో తెలిస్తే ఈ ఆరోపణలో సగం బరువు మరొకరి మీదికి మారుతుంది.

తెలుగు నవల పుట్టుక గురించి మళ్ళీ చెప్పవలసిన పని లేదు. ఒక్క సంగతి మాత్రం ఈ తగువుకు అక్కరకు వస్తుంది. చాలామంది తొలి తెలుగు నవలగా లెక్కపెట్టే వీరేశలింగం గారి ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ఆయన ‘వివేకవర్ధని’ పత్రికలో ధారావాహికగా మొదలై 1880లో పుస్తకమైంది. అంటే ముక్కలుగా అచ్చు కావడం నవలకు నిన్న మొన్న అంటుకున్న జబ్బు కాదు, పుట్టినప్పటి నుంచి ఉన్న అలవాటే. ముక్కలుగా అచ్చు కావడానికీ, ముక్కలుగా ఆలోచించి రాయడానికీ మధ్య ఒక గీత ఉంది. తెలుగు నవల ఆ గీత ఎప్పుడు దాటింది అన్నదే అసలు ప్రశ్న.

1950, 60లలో వారపత్రికల్లో వచ్చిన సీరియల్ నవలలను ఇప్పుడు పుస్తకాలుగా చదివితే వారం ఎక్కడ ముగిసిందో పట్టుకోవడం తరచుగా కష్టం. పత్రిక పేజీలు నిండిన చోట ఆ వారం భాగం ఆగేది, సంభాషణ మధ్యలో ఆగినా పెద్దగా ఎవరూ పట్టించుకునేవారు కాదు. పురాణం సుబ్రహ్మణ్యశర్మ సంపాదకత్వంలో ‘ఆంధ్రజ్యోతి’ వారపత్రిక వడ్డెర చండీదాస్ ‘హిమజ్వాల’ను సీరియల్‌గా వేసింది. మనుషుల లోపలి ఆలోచనల వెంట మెలికలు తిరుగుతూ పోయే ఆ నవలకు ప్రతివారం చివరా ఒక కుదుపు కావాలని ఆ పేజీలు అడగలేదు. దాన్ని లక్షణంగా చదివిన పాఠకులు ఉన్నారు, తిట్టుకుంటూ చదివిన వారూ ఉన్నారు. ఏమైనా, వారపత్రిక అనే వాహకమే నెమ్మదితనానికి శత్రువు అన్న వాదం ఈ ఒక్క ఉదాహరణ ముందు నిలబడదు.

మలుపు వచ్చింది 1980ల మొదట్లో. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో సీరియల్‌గా వస్తున్న కాలంలో ఆ పత్రిక అమ్మకాలకూ ఆ నవలకూ మధ్య ఏర్పడిన బంధం తెలుగు పత్రికా రంగంలో అందరూ చెప్పుకునేదే. అప్పటి సంపాదకుడు కనకాంబరరాజు, ‘సికరాజు’గా పాఠకులకు తెలిసిన మనిషి, ఒక నవల పత్రికను మోయగలదని నిరూపించారు. అంతకుముందు పత్రికను చూసి సీరియల్ చదివేవారు. ఆ తర్వాత సీరియల్ కోసం పత్రిక కొనడం మొదలైంది. 1970 నుంచి మాసపత్రికగా వస్తున్న ‘స్వాతి’ 1984లో వారపత్రికను కూడా ప్రారంభించే నాటికి, వచ్చే వారం పత్రిక అమ్ముడుపోవాలంటే ఈ వారం సీరియల్ ఎక్కడ ఆగాలి అన్నది సంపాదకుల గదిలో మామూలు లెక్క అయిపోయింది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది, ఇప్పటి తగువులో రెండు పక్షాలూ దాన్ని వదిలేస్తున్నాయి. ‘తులసిదళం’లో ఉత్కంఠ వారం చివర అతికించింది కాదు. క్షుద్రప్రయోగానికి గురైన ఒక చిన్నపిల్ల ప్రాణం నిలుస్తుందా లేదా అన్న ప్రశ్న నవల పొడవునా తెరిచే ఉంటుంది. కాబట్టి ఏ పేజీలో ఆపినా పాఠకుడు వచ్చే వారానికి ఎదురుచూస్తాడు. దాన్ని చూసి రాసిన వారిలో చాలామంది ఈ నిర్మాణాన్ని తీసుకోలేదు, చివరి పేరాను మాత్రం తీసుకున్నారు. తలుపు తట్టిన చప్పుడు, టెలిఫోన్‌లో వినిపించిన గొంతు, వెనక్కి తిరిగి చూసి కొయ్యబారిపోయిన నాయిక అన్నీ ఆ చివరి పేరా సంతానమే. వచ్చే వారం పత్రిక తెరిస్తే తలుపు తట్టింది పాలవాడని తేలేది.

ఆ కాలపు సీరియల్ పుటను ఒకసారి దగ్గరగా చూస్తే నేటి చిట్కాలన్నీ అక్కడే కనిపిస్తాయి. పైన శీర్షిక, రచయిత పేరు, పక్కన సగం పేజీ బొమ్మ. దాని కింద చిన్న అక్షరాల్లో గళ్ళ మధ్య ‘జరిగిన కథ’, అది ఐదారు వాక్యాల్లో పాత్రలందరినీ చుట్టేసేది. తర్వాత గత వారపు చివరి వాక్యానికి జవాబు, మధ్యలో ఒకటో రెండో సన్నివేశాలు, చివర కుండలీకరణాల్లో ‘సశేషం’. బొమ్మ వేసే చిత్రకారుడికి ఒక ఘట్టం దొరకాలి కాబట్టి ప్రతి భాగంలోనూ గీయదగిన సన్నివేశం ఒకటి ఉండాల్సి వచ్చేది. ఎన్ని పేజీలు అన్నది పత్రిక నిర్ణయించేది, అందులో ప్రకటనలు పెరిగిన వారం కథ తగ్గేది. ఇష్టమైన సీరియల్ పేజీలను చింపి, వరసగా పేర్చి, బైండు చేయించుకున్న పాఠకుల ఇళ్ళలో ఇప్పటికీ ఆ కట్టలు దొరుకుతాయి. వాటిని ఏకబిగిన చదివితే పది పన్నెండు పేజీలకొకసారి కథ ఉలిక్కిపడడం, నాయిక రూపురేఖలను మళ్ళీ మొదటి నుంచి పరిచయం చేయడం స్పష్టంగా తెలుస్తుంది. పుస్తకంగా వేసినప్పుడు కూడా ఆ అతుకులను విప్పే పని చాలా నవలల విషయంలో ఎవరూ చేయలేదు.

దీనికి తోడు అద్దె పుస్తకాల షాపులు. రోజుకు ఇంత అని అద్దె కట్టి తెచ్చుకున్న నవలను రాత్రికి రాత్రే ముగించి పొద్దున్నే తిరిగి ఇచ్చేయాలి. పేజీలు వేగంగా తిరిగే నవలకే ఆ అల్మరాల్లో చోటు దొరికేది. పొడవైన పేరాలు తగ్గి సంభాషణ పెరగడానికి ఈ షాపు ఎంత కారణమో సాహిత్య చరిత్రకారులు ఇంకా సరిగా రాయలేదు. తర్వాత కాలంలో యండమూరి స్వయంగా ‘పాపులర్ రచనలు చేయడం ఎలా’ అనే పుస్తకం రాయడంతో, అంతవరకు పత్రికాఫీసుల్లో నోటిమాటగా ఉన్న విద్య కొత్త రచయితల బల్లల మీదికి వచ్చింది.

వేరే దారి కూడా అప్పుడే ఉంది. 1978లో మొదలైన ‘చతుర’ మాసపత్రిక ప్రతి సంచికలో ఒక పూర్తి నవల వేసింది. అక్కడ సశేషానికి తావు లేదు. రచయిత మొత్తం రాసి పంపాలి, పాఠకుడు ఒక్క కూర్చోవడంలో చదవాలి. పేజీల హద్దు వల్ల అక్కడ మరో రకం క్రమశిక్షణ ఏర్పడింది. పాత్రలు తక్కువ, కాలవ్యవధి చిన్నది, ఉపకథలకు చోటు ఉండదు. నాలుగు దశాబ్దాలు నడిచిన ఆ పద్ధతి 2021లో పత్రికతో పాటే ఆగిపోయింది. ‘ఆంధ్రభూమి’ అచ్చు అంతకు ముందే, 2020లో కరోనా తొలి దెబ్బకు నిలిచిపోయింది. యాప్‌లు పెరిగింది ఈ ఖాళీలోనే అన్న సంగతిని ఆరోపణలు చేసేవారు ఎక్కువగా ప్రస్తావించరు.

పత్రిక లెక్క నవల నడకను మార్చడం తెలుగువారికే ప్రత్యేకం అనుకోనక్కరలేదు. 1860లో చార్లెస్ డికెన్స్ తన కొత్త నవలను నెలవారీ భాగాలుగా తేవాలనుకున్నాడు. అప్పటికే అతని వారపత్రికలో వస్తున్న మరొకరి సీరియల్ జనానికి నచ్చక అమ్మకాలు పడిపోవడంతో, ఆ ఆలోచన మానుకుని ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ను వారం వారం చిన్న భాగాలుగా రాయవలసి వచ్చింది. ఆ బిగువు నవలకు మేలే చేసిందని చాలామంది అభిప్రాయం. అయితే అక్కడ పత్రిక యజమాని, సంపాదకుడు, రచయిత ఒక్కరే కావడం వల్ల నష్టం భరించేదీ, నిర్ణయం తీసుకునేదీ ఒకే మనిషి. మన సీరియల్ రచయితకు ఆ హక్కు ఏనాడూ లేదు.

ఇప్పటి వాదంలో రెండు వేర్వేరు వేగాలు కలిసిపోతున్నాయి. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ను 29 రోజుల్లో ఆశువుగా చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు రాశారన్నది ప్రసిద్ధం. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు (నేటి ఆంధ్ర విశ్వవిద్యాలయం) పోటీలో ఆ నవల అడివి బాపిరాజు ‘నారాయణరావు’తో కలిసి బహుమతి పంచుకుంది. రోజుకొక భాగం రాసేవారు దీన్ని తమకు సాక్ష్యంగా చూపిస్తున్నారు. 1999లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 21 మంది స్నేహితులతో మొదలై, నెలలో 50,000 పదాలు, అంటే రోజుకు 1,667 పదాలు రాయాలన్న నియమాన్ని ప్రపంచమంతా పాకించిన ‘నానోరైమో’ అనే నవలా రచన సవాలును కూడా తోడు తెచ్చుకుంటున్నారు. దాన్ని నడిపిన సంస్థ 2025లో మూతపడుతున్నట్టు ప్రకటించినా ఆ లెక్క మాత్రం బతికే ఉంది. ఇవి రెండూ రచయిత కలం వేగానికి సంబంధించినవి. కథ నడిచే వేగం వేరు. నెలలోపు చెప్పిన ‘వేయిపడగలు’ పాఠకుణ్ణి ఏ మాత్రం తొందరపెట్టదు. ఒక సంప్రదాయం మీద, ఒక ఊరి మీద పేజీల తరబడి ఆగుతుంది. ఈ సాక్ష్యం యాప్ రచయితలకు అంతగా ఉపయోగపడదు కానీ, త్వరగా రాసింది తేలికైనదే అవుతుందన్న అవతలి వారి మాటను మాత్రం గట్టిగానే కొట్టేస్తుంది.

యాప్ రచయితలు తమ వైపు నుంచి చెబుతున్నది మరింత శ్రద్ధగా వినదగినది. కొన్ని యాప్‌లలో మొదటి కొన్ని భాగాలు ఉచితం, ఆపైన తాళం పడుతుంది. పాఠకులు నాణేలు చెల్లించాలి, లేదా మరుసటి రోజు దాకా ఆగాలి. రచయితకు వచ్చే డబ్బు ఆ తాళం తీసేవారి సంఖ్య మీద ఆధారపడుతుంది. ప్రతి భాగాన్ని ఎంతమంది చదివారో తెర మీద కనిపిస్తుంటుంది కనుక, ఊరిని వర్ణించిన భాగం దగ్గర ఎందరు జారిపోయారో మర్నాటికల్లా తెలిసిపోతుంది. వారపత్రిక రచయితకు ఈ లెక్క నెలల తర్వాత, సంపాదకుడి నోట, ఉత్తరాల రూపంలో చేరేది. వంట ముగించుకుని, పిల్లలను బడికి పంపి, ఫోన్ మీదే రాసే స్త్రీకి ఇప్పుడు అది మధ్యాహ్నానికే ఎదురుగా నిలుస్తోంది. ఆమె ముందు సంపాదకుడు లేడు, చిత్రకారుడు లేడు, పారితోషికం ముందుగా ఒప్పుకున్న యాజమాన్యం లేదు. పాత వారపత్రికల నుంచి ఆమెకు సంక్రమించింది ‘సశేషం’ ఒక్కటే. ఆ రచయితలు వాడుతున్న నియమాలను వారు కనిపెట్టలేదు, ఆరోపిస్తున్న వారిలో కొందరు చదివి పెరిగిన సీరియళ్ళలోనే అవి తయారయ్యాయి.

విమర్శక పక్షం దీనికి చెబుతున్న సమాధానం ఒకటే. నాటి సీరియల్ ఇరవై ముప్పై వారాల్లో ముగిసేదనీ, నేటిది వంద భాగాలు దాటినా ముగియడం లేదనీ. ఇందులో నిజం ఉంది. భాగానికి వెయ్యి పదాలనుకున్నా వంద భాగాలంటే లక్ష పదాలు, చాలా అచ్చు నవలల కన్నా పెద్దది. ముగింపు ఎక్కడో తెలియకుండా మొదలైన కథకు మధ్యభాగం అనేది ఉండదు కాబట్టి, విడిపోయిన దంపతులు కలవడం, మళ్ళీ అపార్థంతో విడిపోవడం మధ్య అది తిరుగుతూ ఉంటుంది. చదివేవారు ఉన్నంత కాలం ముగించవద్దని లెక్కలే చెబుతున్నప్పుడు ముగించమనే సలహా ఎవరు ఇవ్వాలన్నది మాత్రం విమర్శకులు చెప్పడం లేదు.

మొత్తం రాతప్రతి ముందుగా అడిగే చోట్లు ఇంకా కొన్ని మిగిలాయి. అమెరికాలోని తెలుగువారి సంఘం ‘తానా’ నడిపే నవలల పోటీలో 2019లో బహుమతి పొందిన సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ కరువు రోజుల్లో గొర్రెల మందలను తోలుకుని నల్లమల అడవిలోకి వెళ్ళిన కాపరుల కథ. మంద ఎంత నడిస్తే కథ అంతే నడుస్తుంది. నీటి జాడ కోసం వెతుక్కుంటూ, రాత్రి కాపలా కాస్తూ, పులి భయంతో ఒకరికొకరు దగ్గరగా పడుకుంటూ కాపరులు గడిపే రోజులను రచయిత తొందరపడకుండా చెప్పారు. వెయ్యి పదాలకొక మలుపు అన్న నియమంతో కొలిస్తే మొదటి వారంలోనే తాళం తీసేవారు కరువయ్యే నవల అది. 2021లో సినిమాగా కూడా వచ్చింది.

అలాంటి పోటీలు తరచుగా జరగవు, బహుమతులూ ఒకటి రెండే. వాటి బయట ఉన్న రచయితకు సొంత డబ్బుతో అచ్చు వేయించుకోవడం, లేదా యాప్‌లో రోజుకొక భాగం పెట్టడం అన్న రెండే దారులు కనిపిస్తున్నాయి. యాప్‌లో వచ్చిన నవల అచ్చుకు వెళ్ళేటప్పుడు ప్రతి భాగం మొదట్లోని గుర్తుచేతలను, చివర్లోని కుదుపులను ఏరిపారేసి, వంద ముక్కలను ముప్పై అధ్యాయాలుగా కుదించాలి. ఆ పని తెలిసిన సంపాదకులు తెలుగు ప్రచురణ రంగంలో వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మందే ఉన్నారు. వారికి ఎవరు డబ్బు ఇవ్వాలన్నది ప్రచురణకర్తకూ రచయితకూ మధ్య ఇంకా తేలలేదు.