ఇద్దరూ నిలబడితే పంచాయితీనే

నిజామాబాద్ జిల్లా జాతరల్లో కుస్తీకి పెద్ద పంచాయితీ ఉండదు. కొబ్బరికాయ కుస్తీతో మొదలై చివరి పట్టు వెండి కడియం దాకా పోతుంది. వెన్ను మట్టికి తగిలిందా, చిత్తయినట్టే. చుట్టూ కూర్చున్న జనమంతా కళ్లారా చూస్తారు. బోధన్ దగ్గర హున్సాలో హోలీ నాడు ఆడే పిడిగుద్దులాటలో ఆ మాత్రం లెక్క కూడా లేదు. తాడుకు అటూ ఇటూ నిలబడి గుద్దుకుంటారు, ఆట అయ్యాక అలాయ్ బలాయ్ తీసుకుంటారు.

బాక్సింగ్ అలా కాదు. ఎవరూ పడకపోతే గెలుపు కాగితం మీద తేలుతుంది. ఆ కాగితం ఎట్లా చదవాలో ఇందూరు (నిజామాబాద్) వాళ్లకు నేర్పింది మన నిఖత్ జరీనే. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో జిట్‌పాంగ్ జుటామస్‌ మీద 5-0తో ప్రపంచ చాంపియన్ అయింది. 5-0 అంటే చిత్తుచిత్తుగా కొట్టిందని అనుకున్నవాళ్లే ఎక్కువ. రౌండ్ గెలిచినవాళ్లకు 10, ఓడినవాళ్లకు మామూలుగా 9 పాయింట్లు. జడ్జీలు అలా వేసిన అసలు కార్డులు చూస్తే ఇద్దరు 30-27 ఇచ్చారు, మిగతా ముగ్గురు 29-28. అంటే మూడు రౌండ్లలో ఒకటి థాయ్ అమ్మాయిదేనని ముగ్గురు రాశారు. నిఖత్ గెలుపులో అనుమానం లేదు. కానీ ఆ అయిదు, ఎంతమంది జడ్జీలు ఆమెవైపు మొగ్గారో చెప్పే అంకె. ఎంత తేడాతో గెలిచిందో అది చెప్పదు.

ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ఇదే చిక్కు ఇంకా ముదురుతుంది. జడ్జీలు ముగ్గురే, టైటిల్ పోరైతే రౌండ్లు పన్నెండు. 2024 మే 18న రియాద్‌లో ఒలెక్సాండర్ ఉసిక్, టైసన్ ఫ్యూరీ హెవీవెయిట్ పోరునే చూడండి. ఒకరు ఉసిక్‌కు 115-112, ఇంకొకరు ఉసిక్‌కే 114-113, మూడోవారు ఫ్యూరీకి 114-113 వేశారు. తొమ్మిదో రౌండ్‌లో ఫ్యూరీ తాళ్ల మీద పడి తూలితే, తాళ్లే అతన్ని నిలబెట్టాయి గనక కింద పడినట్టేనని రెఫరీ కౌంట్ చేశాడు. దాంతో ఆ రౌండ్ 10-9 కాకుండా 10-8 అయింది. ఆ కౌంట్ లేకుండా అదే రౌండ్‌ను 10-9గా వేసుకుని చూస్తే ఒక కార్డు ఉసిక్‌కు 115-113, రెండోది 114-114, మూడోది ఫ్యూరీకి 115-113. మొత్తం డ్రా! నాలుగు సంస్థల టైటిల్ బెల్టులూ ఒక్కడి నడుముకు చేరిన రాత్రి ఆ కౌంట్ మీదే ఆధారపడింది.

ఈ తగాదా పుట్టిందే రౌండ్లకు హద్దు పెట్టాక. వట్టి చేతులతో కొట్టుకునే రోజుల్లో ఒకడు లేవలేనంతదాకా ఆట సాగేది. 1867 నాటి క్వీన్స్‌బెరీ నియమాలు గ్లవ్స్, మూడు నిమిషాల రౌండ్, ఒక నిమిషం విశ్రాంతి, పడినవాడు లేచేందుకు పది దాకా లెక్కపెట్టడం తెచ్చాయి. ఆ తర్వాత ఇన్ని రౌండ్లేనని గీత గీసేసరికి, ఇద్దరూ నిలబడే ఉంటే ఎవరో ఒకరు తేల్చక తప్పలేదు. బ్రిటన్‌లో అప్పట్లో ఆ పని రెఫరీ ఒక్కడిదే. 1971లో హెన్రీ కూపర్ మీద జో బగ్నర్ గెలిచింది పావు పాయింటుతో! అక్కడి జనం ఆ రెఫరీని ఏళ్ల తరబడి వదల్లేదు.

రెండో మలుపు ఒక చావుతో వచ్చింది. 1982 నవంబరు 13న రే మాన్సినీతో పోరాడిన కొరియా బాక్సర్ కిమ్ డుక్-కూ పద్నాలుగో రౌండ్‌లో కూలిపోయి, నాలుగు రోజులకు కన్నుమూశాడు. టైటిళ్లు ఇచ్చే సంస్థల్లో ఒకటైన డబ్ల్యూబీసీ పదిహేను రౌండ్లను పన్నెండుకు కుదించింది, మిగతా సంస్థలు మెల్లగా అదే దారి పట్టాయి. ప్రాణాల కోసం చేసిన మార్పు, తప్పుపట్టలేం. కానీ పదిహేను బేసి, పన్నెండు సరి. చెరో ఆరు పంచుకునే వీలు అప్పుడే పుట్టిందన్న సంగతి ఎక్కువమంది గమనించరు.

1987 ఏప్రిల్ 6న లాస్ వేగాస్‌లో షుగర్ రే లెనార్డ్ పట్టుబట్టి పన్నెండు రౌండ్లే అడిగాడు, మార్విన్ హాగ్లర్ ఒప్పుకున్నాడు. ఒక జడ్జి లెనార్డ్‌కు 118-110 ఇచ్చాడు, అంటే పన్నెండింటిలో పది రౌండ్లు. మరో జడ్జి హాగ్లర్‌కు 115-113 అంటే ఏడు రౌండ్లు ఇచ్చాడు. ఇద్దరూ చూసింది ఒకే ఆట. మూడో కార్డు లెనార్డ్ వైపు తూగింది. హాగ్లర్ మళ్లీ రింగ్‌లోకి దిగలేదు.

ఇలాంటప్పుడు 'జడ్జీలు అమ్ముడుపోయారు' అనడం తేలిక. అమ్ముడుపోయిన సందర్భాలూ లేకపోలేదు. 2016 రియో ఒలింపిక్స్‌లో ఫలితాలు తారుమారు చేశారని తర్వాత విచారణలోనే తేలింది. కానీ చాలాసార్లు లోపం లెక్కలోనే ఉంటుంది. రౌండ్‌ను వెంట్రుకవాసిలో గెలిచినా 10-9, మూడు నిమిషాలూ బాదినా కింద పడెయ్యకపోతే చాలామటుకు 10-9. పైగా జడ్జీలు రింగ్‌కు మూడు వైపులా కూర్చుంటారు. బాక్సర్ వీపు అడ్డొచ్చిన క్షణంలో గ్లవ్ దవడకు తగిలిందో, చేతికి తగిలి ఆగిందో ఆ వైపు వాళ్లకు తెలియదు. టీవీలో చూసే మనకు నాలుగు కెమెరాలు, రీప్లేలు, చెవిలో వ్యాఖ్యాత మాట.

మరి మిషన్‌కు అప్పజెప్పలేదా అంటే, అదీ అయింది. 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్‌లో రాయ్ జోన్స్ 86 గుద్దులు తగిలించి, 32 తిని, 3-2తో ఓడిపోయాడు. ఆ రచ్చతో అమెచ్యూర్ బాక్సింగ్‌లోకి కంప్యూటర్ వచ్చింది. అయిదుగురు జడ్జీల్లో ముగ్గురు ఒక్క సెకనులోపు మీట నొక్కితేనే పాయింటు. దాంతో పిల్లలు కడుపు మీద కొట్టడం మానేసి, దూరం నుంచి తాకీ తాకనట్టు కొట్టడం నేర్చారు. 2013లో దాన్ని పక్కన పెట్టి ఈ పది పాయింట్ల లెక్కకే వచ్చారు. నిఖత్ గెలిచిన రెండు ప్రపంచ టైటిళ్లూ, పారిస్ ఒలింపిక్స్‌లో చైనా బాక్సర్ వూ యు చేతిలో 5-0 ఓటమీ ఈ పద్ధతిలోనివే.

రియాద్‌లో ఉసిక్, ఫ్యూరీ 2024 డిసెంబరు 21న మళ్లీ తలపడ్డారు. ఈసారి ముగ్గురు జడ్జీలూ ఉసిక్‌కే 116-112 ఇచ్చారు. ప్రయోగంగా పెట్టిన కృత్రిమ మేధ లెక్క ఫలితంలోకి రాలేదు గానీ, అది ఉసిక్‌కు ఇంకా ఎక్కువే, 118-112 ఇచ్చింది. ఫ్యూరీ మాత్రం గెలిచింది తానేనన్నాడు.