ఎవరూ పట్టించుకోని నాలుగో సమీకరణం

డిగ్రీ మొదటి సంవత్సరం భౌతికశాస్త్రంలో, ఎవరి చోటు నుంచి కొలుస్తున్నామో చెప్పే నిర్దేశ చట్రాల పాఠం వచ్చినప్పుడు గెలీలియో రూపాంతరణ సమీకరణాలు నాలుగింటిని బోర్డు మీద రాస్తాం. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాడు కొలిచిన దూరం రైల్లో కూర్చున్నవాడికి ఎంత అవుతుందో మొదటిది చెబుతుంది. అడ్డం, ఎత్తు కొలతలు ఇద్దరికీ ఒకటేనని రెండోది, మూడోది చెబుతాయి. ఇక నాలుగోది, ఇక్కడి గడియారంలో ఎంత కాలం గడిస్తే అక్కడి గడియారంలోనూ అంతే గడుస్తుందంటుంది. ఎన్నో ఏళ్లుగా గమనిస్తున్నాను, మొదటి సమీకరణాన్ని జాగ్రత్తగా రాసుకునే పిల్లలు నాలుగోదాన్ని బోర్డు వంక చూడకుండానే రాసేస్తారు. అంత తెలిసిన విషయాన్ని సమీకరణంగా రాయడమెందుకని ఒకరిద్దరు అడుగుతారు కూడా. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం కష్టమనిపించడానికి కారణం అందులోని గణితం కాదనీ, ఆ నాలుగో వరుస దగ్గర ఆగకపోవడమేననీ నా నమ్మకం.

సాపేక్షత అనే ఆలోచన ఐన్‌స్టీన్‌తో మొదలైనది కాదు. పడవలో ముందుకు పోతున్నవాడికి ఒడ్డున కదలకుండా ఉన్నవి వెనక్కి పోతున్నట్టు కనిపిస్తాయనీ, ఆకాశంలో నక్షత్రాలు పడమటికి కదులుతున్నట్టు కనిపించడమూ అలాంటిదేననీ 499 నాటి ఆర్యభటీయంలోనే ఉంది. 1632 లో గెలీలియో దీన్ని మరింత పదునుగా చెప్పాడు. నిలకడగా సాగే ఓడలో, తలుపులు మూసిన గదిలో కూర్చుని, పైన వేలాడే పాత్ర నుంచి కింది పాత్రలోకి పడే నీటిచుక్కలను ఎంతసేపు చూసినా ఓడ కదులుతోందో లేదో తేల్చలేం. న్యూటన్ నియమాలు జడత్వ చట్రాలన్నిటిలోనూ, అంటే ఒకే వేగంతో నేరుగా సాగే చట్రాలన్నిటిలోనూ, ఒకేలా పనిచేస్తాయన్న మాటకు మూలం ఇదే.

చిక్కు కాంతితో వచ్చింది. విద్యుత్తు, అయస్కాంతత్వాల గురించి 1865 లో మాక్స్‌వెల్ ప్రచురించిన సమీకరణాల నుంచి కాంతి వేగం ఇంత అని తేలుతుంది గానీ, ఆ వేగం ఎవరిని బట్టి అన్నది తేలదు. కాంతిని మోస్తుందని ఊహించిన ఈథర్ అనే యానకాన్ని బట్టి అనుకున్నారు. అదే నిజమైతే భూమి కదలిక వల్ల తేడా కనిపించాలి. 1887 లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మైకెల్సన్, మోర్లే అనే శాస్త్రవేత్తలు పాదరసం మీద తేలే రాతిపలకపై పరికరాన్ని అమర్చి, దాన్ని మెల్లగా తిప్పుతూ ఆ తేడా కోసం వెతికారు. రావలసిన తేడాలో ఇరవయ్యో వంతు కూడా రాలేదు.

1905 లో ఐన్‌స్టీన్ గెలీలియో సూత్రాన్నీ, కాంతి వేగం అందరికీ ఒకటేనన్న మాటనూ రెంటినీ నిలబెట్టి, నాలుగో సమీకరణాన్ని వదులుకున్నాడు. ఎందుకు వదులుకోవలసి వచ్చిందో ఒక రైలు పెట్టెలో చూడవచ్చు. సుమారు 24 మీటర్ల పొడవున్న పెట్టె నడిమధ్యలో దీపం వెలిగిందనుకుందాం. లోపల కూర్చున్నవాడికి వెలుగు ముందు గోడనూ వెనక గోడనూ ఒకే క్షణంలో తాకుతుంది. ప్లాట్‌ఫారం మీదివాడికి మాత్రం వెనక గోడ వెలుగుకు ఎదురు వస్తోంది, ముందు గోడ దూరంగా జరుగుతోంది. కాంతి వేగం అతడికీ అంతే కనుక వెలుగు వెనక గోడనే ముందుగా తాకాలి. ఇద్దరిలో ఎవరిదీ పొరపాటు కాదు. రైలు గంటకు 108 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఈ తేడా సెకనులో కోటి కోట్ల వంతు కన్నా తక్కువ. కదిలే గడియారం నెమ్మదిగా నడవడమూ ఇందులోంచే వస్తుంది, కాని రైలు అదే వేగంతో రోజంతా పోయినా అందులోని గడియారం వెనకబడేది సెకనులో 1000 కోట్ల వంతుల్లో నాలుగు వంతులే. నాలుగో సమీకరణం ఇన్ని శతాబ్దాలు నిలిచింది అందుకే.

ఇక్కడినుంచి వెనక్కి తిరిగి న్యూటన్ మూడో నియమాన్ని చూస్తే అది కొత్తగా కనిపిస్తుంది. భూమి, సూర్యుడు ఒకదాన్నొకటి అదే క్షణంలో సమాన బలంతో లాక్కుంటాయని చదువుకున్నాం. 15 కోట్ల కిలోమీటర్ల ఎడంలో ఉన్న రెంటికీ అదే క్షణం అంటే ఎవరి గడియారం ప్రకారం? అందుకే దూరంగా ఉన్న వస్తువులకు మూడో నియమాన్ని ఉన్నదున్నట్టు వాడలేం. ద్రవ్యవేగ నిత్యత్వం మాత్రం, వాటి మధ్య బలాన్ని చేరవేసే క్షేత్రం మోసే ద్రవ్యవేగాన్ని కూడా కలుపుకుంటే, చెక్కుచెదరదు. బలం ద్రవ్యవేగపు మార్పు రేటు అన్న రెండో నియమమూ నిలుస్తుంది. పోయేది ద్రవ్యరాశిని త్వరణంతో గుణించే రూపమే. గతిజ శక్తికి వచ్చే కొత్త సూత్రాన్ని ఇంటర్‌లో బట్టీపట్టిన ద్విపద సిద్ధాంతంతో విస్తరిస్తే, మొదటి పదంగా ద్రవ్యరాశి, వేగవర్గాల లబ్ధంలో సగం బయటికి వస్తుంది. ఆ లెక్క ప్రతి విద్యార్థీ తన చేత్తో ఒకసారి చేయాలి. పాత యాంత్రికశాస్త్రం కొత్తదాని లోపలే ఉందన్న సంగతి చెబితే విని ఊరుకుంటారు, చేస్తే మరిచిపోరు.

కాలం నిజంగా అలా సాగుతుందా అన్న సందేహానికి మ్యూవాన్ అనే సూక్ష్మకణాన్ని మించిన సమాధానం నాకు తెలియదు. అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాలు పై వాతావరణాన్ని ఢీకొన్నప్పుడు పుట్టే ఈ కణాల సగటు ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లు. ఇలా తనంత తాను విచ్ఛిన్నమయ్యే కణాన్ని గడియారంగా భావించవచ్చనీ, కదులుతున్నప్పుడు దాని ఆయుష్షు పెరగాలనీ 1938 లోనే హోమీ భాభా రాశాడు. అమెరికాలో ఫ్రిష్, స్మిత్ అనే శాస్త్రవేత్తలు 1963 లో ప్రచురించిన ప్రయోగంలో సుమారు 1,900 మీటర్ల ఎత్తున్న మౌంట్ వాషింగ్టన్ మీద, కాంతి వేగంలో 99.5 శాతం దాకా ఉన్న మ్యూవాన్లు గంటకు 563 లెక్కకు వచ్చాయి. ఆ ఎత్తు దిగడానికి వాటికి పట్టేది 6.4 మైక్రోసెకన్లు, అంటే దాదాపు మూడు ఆయుష్షులు. నాలుగో సమీకరణమే నిజమైతే సముద్రమట్టం దగ్గర మిగలవలసినవి 30 కి అటూ ఇటూ. మిగిలినవి 408. దారిలో వాటి గడియారం సుమారు 9 రెట్లు నెమ్మదిగా నడిచింది.

ఇదే లెక్కను మ్యూవాన్ వైపు నుంచి చేయమని పిల్లలకు ఇస్తాను. దాని చట్రంలో దాని ఆయుష్షు పెరగదు, ఆ 2.2 మైక్రోసెకన్లే. కాని ఎదురుగా దూసుకువచ్చే కొండ ఎత్తు 210 మీటర్లకు కుదించుకుపోతుంది. అది దాటిపోవడానికి పట్టేది 0.7 మైక్రోసెకన్లు, అంటే ఆయుష్షులో మూడో వంతు. అంత సమయంలో 563 లో ఎన్ని మిగులుతాయో, కాలం గడిచేకొద్దీ కణాలు ఎలా తగ్గుతాయో చెప్పే ఘాతాంక సూత్రంలో వేసి చూస్తే, మళ్లీ 400 పైచిలుకే వస్తుంది.