రాదని కాగితం రాసివ్వమంటారు

మానసిక వైద్యురాలినైన నన్ను నెలకు నాలుగైదుసార్లు ఇదే అడుగుతారు. మొన్న ఉరవకొండ వైపు నుంచి వచ్చిన ఒక రైతు, స్కిజోఫ్రీనియా (లేని గొంతులు వినిపించే, లేనిపోని అనుమానాలు పట్టి పీడించే మానసిక జబ్బు) ఉన్న కొడుక్కు మందులు రాయించుకున్నాక కూడా కుర్చీలోంచి లేవలేదు. అబ్బాయిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చి, జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. కూతురి జాతకం.

"మేడమ్, పాపకు రక్తపరీక్ష చేసి ఈ జబ్బు రాదని రాసివ్వండి. మగపెళ్లివాళ్లకు చూపిస్తాను."

అలాంటి పరీక్ష లేదు. ఉందని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. స్కిజోఫ్రీనియాను ఏ ఒక్క జన్యువో మోసుకురాదు. 2022లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో మన జన్యుపటంలో 287 చోట్ల దీనితో సంబంధం కనిపించింది. ఒక్కొక్కదాని ప్రభావం ఆవగింజంత. వాటిలో కొన్ని మీలోనూ ఉంటాయి, నాలోనూ ఉంటాయి.

"రక్తంలో ఉంది, వచ్చి తీరుతుంది." నేను వినే అపోహలన్నిటిలోకీ మనుషులకు ఎక్కువ నష్టం చేసేది ఇదే. లెక్క చూడండి. జీవితకాలంలో ఈ జబ్బు వచ్చేది నూటికి సుమారు ఒకరికి. అన్నకో అక్కకో ఉంటే 9 మందికి. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే 10 పైచిలుకు, ఇద్దరికీ ఉంటే 40 దాకా. జన్యువులు ఒకటే అయిన ఏకరూప కవలల్లో ఒకరికి వస్తే రెండోవారికి వచ్చేది సుమారు సగంమందికే. అంతా రక్తమే అయితే అక్కడ నూటికి నూరూ రావాలి. పైగా ఈ జబ్బున్నవారిలో ఎక్కువమందికి దగ్గరి బంధువుల్లో ఎవరికీ ఉండదు.

ఫోనులో "80 శాతం వారసత్వం" అని చదివి వణుకుతూ వచ్చేవారు మరికొందరు. ఆ 80, జనాభాలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో జన్యువుల వాటా. మీ బిడ్డకు 80 శాతం వస్తుందని కాదు.

ఆ రైతు అంతా విని, "అయితే 91 మందికి రాదని అయినా రాసివ్వండి" అన్నాడు. చీటీ వెనక రాసిచ్చాను.

ఈ భయం ఏం చేస్తుందో మా ఇంట్లోనే చూశాను. అమ్మ పెళ్లిచూపుల రోజు ఈ జబ్బున్న మా మేనమామను తాడిపత్రి దగ్గర చేనులో కొట్టంలో ఉంచి, బయట గొళ్లెం పెట్టారట. పెళ్లయ్యాక కూడా ఎనిమిదేళ్లు డాక్టరుకు చూపించలేదు, ఊరికి తెలుస్తుందని. మందులు మొదలైన మూడో నెలలో ఆయన అమ్మను పేరు పెట్టి పిలిచాడు. ఆలస్యమైనకొద్దీ కోలుకోవడం కష్టమవుతుంది. ఆ ఎనిమిదేళ్లు ఆయనకు తిరిగి రాలేదు.

మిగతావి త్వరగా. చేతబడి, గాలి సోకడం కారణాలు కావు. కసాపురంలో మొక్కు తీర్చుకోండి, మాత్రలు మాత్రం సంచిలో ఉండాలి. పెళ్లి చేస్తే జబ్బు నయం కాదు, మరో ఇల్లు చిక్కుల్లో పడుతుంది. తల్లి పెంపకం వల్ల వస్తుందన్న మాట 1940లలో అమెరికాలో పుట్టింది. ఆధారం లేక వైద్యులు ఎప్పుడో వదిలేశారు, మన అత్తగార్లు వదలలేదు. మేనరికం ఒక్కటే కారణం అనలేం. రెండువైపులా జబ్బు ఉంటే మాత్రం వద్దనే చెబుతాను.

పరిసరాల వాటా నిజమే. కాన్పులో బిడ్డకు ఊపిరి అందకపోవడం, చిన్ననాటి హింస, గర్భిణి ఆకలి. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్ కరువు తీవ్రంగా ఉన్నప్పుడు కడుపున పడ్డవారిలో ఈ జబ్బు రెట్టింపైంది. అనంతపురం మనిషిని కాబట్టి ఆ లెక్క నాకు గుచ్చుకుంటుంది.

మన చేతిలో ఉన్నది గంజాయి. స్వీడన్‌లో సైన్యానికి పిలిచిన 45 వేలమందికి పైగా యువకులను 15 ఏళ్లు గమనించి 1987లో ఫలితం ప్రకటించారు. బాగా తాగినవారిలో ఈ జబ్బు ఆరు రెట్లు. తాగిన ప్రతివాడికీ రాదు. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉన్నవాడు దాని జోలికి వెళ్లకపోవడం మంచిది.

ఆ రైతుకు బెంగళూరు హాస్టల్లో చిన్నకొడుకు కూడా ఉన్నాడు. వాడి గురించి అడిగాను.

"సిగరెట్టు కూడా ముట్టడు మేడమ్."

"గంజాయి సంగతి ఎప్పుడైనా అడిగావా అన్నా?"

అడగలేదు. జాతకం మడిచి జేబులో పెట్టుకుని, వరండాలోకి వెళ్లి ఫోను తీశాడు.