మూటలో మిగిలిపోయిన చక్కెర

డాలస్‌లో ఉంటున్న ఒక పాఠకుడు పంపిన ప్రశ్న ఇది. ఇంట్లో పేల్ ఏల్ అనే లేత రంగు బీరు 19 లీటర్లు కాచి, అది పులిశాక కిలో ఎండు ఆప్రికాట్లను పలుచటి గుడ్డలో మూటకట్టి అందులో వేశారట. వారం గడిచింది. బుడగలు ఆగిపోయాయి. బీరు సాంద్రతను బట్టి అందులో మిగిలిన చక్కెరను అంచనా కట్టే హైడ్రోమీటరు వరసగా మూడు రోజులు 1.010 దగ్గరే నిలిచింది. చక్కెరను తిని బీరును పులియబెట్టే ఈస్ట్ పని ముగిసిందన్నమాట. మూట బయటికి తీసి, అంత బీరు వృథా చేయడం ఎందుకని గట్టిగా పిండి, పొంగు కోసం లెక్క ప్రకారం చక్కెర కలిపి సీసాల్లో నింపారు. రెండు వారాలకు సీసాలు ఒక్కొక్కటే పేలడం మొదలుపెట్టాయి. హైడ్రోమీటరు అబద్ధం చెప్పిందా అని ఆయన సందేహం.

చెప్పలేదు. అది జాడీలోని బీరు సంగతి చెప్పింది. మూటలోపలి సంగతి దానికెలా తెలుస్తుంది?

ముందుగా చట్టం మాట. అమెరికాలో 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం వల్ల ఇంటి బీరుకు దారి దొరికింది. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా, అంటే దాదాపు 757 లీటర్లు కాచుకోవచ్చు. అయినా అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు 2013 దాకా ఒప్పుకోలేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా కాయడం నేరం. కాబట్టి ఇక్కడివాళ్లు పండ్లు నానబెట్టే ప్రయోగాన్ని నీళ్లతోనే చేయాలి. మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) నానబెట్టడం, హాప్స్ (బీరుకు చేదునిచ్చే పూలు) మరిగించడం వంటివి ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి, వాటి జోలికి పోను. నన్ను పట్టుకున్నది మూటే.

ఎండు ఆప్రికాట్ అంటే మన హైదరాబాద్ ఖుబానీయే. ఖుబానీ కా మీఠా చేసేవాళ్లు పండ్లను రాత్రి నానబోసి పొద్దున చూస్తారు. ముడతలు విచ్చుకుని, చిదిమితే గింజ ఊడివచ్చేంత మెత్తబడి ఉంటాయి. నానిన నీరు తేనెరంగుకు తిరిగి తియ్యగా ఉంటుంది. అందుకే ఆ నీళ్లు పారబోయకుండా వాటిలోనే పండ్లు ఉడికిస్తారు. ఇక్కడ మన సైన్సు పాఠం మీద నాకో ఫిర్యాదు ఉంది. ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి పుస్తకంలో ఎండు ద్రాక్షనో ఆప్రికాట్‌నో నీళ్లలో వేసి ద్రవాభిసరణం చూపించే కృత్యం ఉండేది. పొర గుండా నీరు లోపలికి వెళ్లింది, పండు ఉబ్బింది, అంతటితో సరి. ఆ నీటిని నాలుక మీద వేసుకుని చూడమని ఏ మాస్టారూ చెప్పరు. చూస్తే తియ్యగా ఉంటుంది! ఎండినప్పుడే కణాల పొరలు దెబ్బతిన్నాయి. నీరు లోపలికి వెళ్తుంటే చక్కెర బయటికి వస్తోంది. అది వ్యాపనం.

ఈ వ్యాపనానికి ఒక పెంకి గుణం ఉంది. పట్టే సమయం మందం మీద కాదు, మందం వర్గం మీద ఆధారపడుతుంది. లెక్క వేద్దాం. నీటిలో చక్కెర ఎంత త్వరగా పాకుతుందో చెప్పే వ్యాపన గుణకం సుమారు సెకనుకు 5×10⁻¹⁰ చదరపు మీటర్లు. సెంటీమీటరు మందం ఉన్న పండులో నడిమధ్య నుంచి ఉపరితలానికి 5 మిల్లీమీటర్లు. ఆ దూరాన్ని వర్గం చేసి గుణకంతో భాగిస్తే 50,000 సెకన్లు, అంటే దాదాపు 14 గంటలు. రాత్రి నానబోయడంలోని లెక్క ఇంచుమించు ఇదే. అదే పండును 2 మిల్లీమీటర్ల పలుచటి ముక్కలుగా కోస్తే అరగంట చాలు. ఇప్పుడు మూట సంగతి. పది సెంటీమీటర్ల మందాన బిగించి కట్టిన మూటలో పండ్లు నాని, ఉబ్బి, ఒకదాన్నొకటి నొక్కుకుని ముద్దయిపోతాయి. బీరుకు లోపల తిరిగే సందు ఉండదు. అక్కడున్నవి నూరు పండ్లు కావు, ఒకే ఒక పెద్ద పండు. మధ్య నుంచి దూరం 5 సెంటీమీటర్లు. అదే లెక్క వేస్తే 50 లక్షల సెకన్లు, సుమారు 58 రోజులు! పండు కండలో కణకవచాలు అడ్డుపడతాయి కనుక వాస్తవంలో ఇంకాస్త నెమ్మదే.

మరి ఈస్టే లోపలికి వెళ్లి తినరాదా? వెళ్లలేదు. ఈస్ట్ కణం అడ్డంగా 5 నుంచి 10 మైక్రాన్లు. పండు కణకవచంలోని రంధ్రాలు కొన్ని నానోమీటర్లే, అంటే మైక్రాన్‌లో వెయ్యో వంతు లెక్కన కొన్నే. చక్కెర అణువు దూరుతుంది, ఈస్ట్ గుమ్మం దగ్గరే కాచుకుని కూర్చుంటుంది. చక్కెర పిసరు పిసరుగా బయటపడుతుంటే అప్పటికప్పుడే తినేస్తుంది. అందుకే బుడగలు కనిపించవు, హైడ్రోమీటరు కదలదు.

ఎండు ఆప్రికాట్‌లో సగానికి పైగా చక్కెరే. కిలోకు 530 గ్రాములనుకుందాం. అందులో నాలుగో వంతు మూటలో మిగిలి, పిండినప్పుడు బీరులోకి వచ్చిందంటే 130 గ్రాములు, లీటరుకు 7 గ్రాములు. సీసాలో పొంగు కోసం మామూలుగా కలిపే చక్కెర కూడా దాదాపు అంతే. చక్కెర బరువులో సగం దాకా కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. 20 డిగ్రీల దగ్గర బయటి గాలి కంటే రెండు వాతావరణాల పీడనం ఎక్కువ ఉండాల్సిన సీసాలో ఆ ఎక్కువ నాలుగు దగ్గరకు చేరుతుంది. పలుచటి గాజు ఎంతకని ఓర్చుకుంటుంది?

నార్వే పల్లెల్లో ఒకప్పుడు ఈస్ట్ కలిపేటప్పుడు గట్టిగా కేకలు పెట్టేవారు, బీరు బలంగా రావాలని. దానికి నేను నవ్వను. బుడగలు ఆగాయి కనుక చక్కెర అయిపోయిందనుకోవడం దానికంటే గొప్ప నమ్మకమేమీ కాదు. పైగా కేకలకు సీసాలు పగలవు.

చేయాల్సింది సులువు. పండ్లను చిన్న ముక్కలుగా తరిగి, వదులు మూటలో వేసి, రోజూ ఒకసారి కదపాలి. పిండి తీరాలనుకుంటే సీసాలకు పట్టడానికి వారం ముందే పిండి, ఆ తర్వాత హైడ్రోమీటరు చూడాలి. నిగనిగలాడే నారింజరంగు పండ్లయితే గంధకపు పొగ పట్టినవి. ఆ పొగ వల్ల పండులో చేరే సల్ఫైటును ఈస్ట్ హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మార్చి కుళ్లిన గుడ్డు వాసన తెప్పించగలదు. గోధుమరంగువి మేలు. ఆప్రికాట్లకు బదులు ఎండు ద్రాక్ష వేస్తే, దానికి నూనె పూసి ఉంటే బీరు నురుగు నిలవదు.

తీపి ఏమైందన్నది ఆయన రెండో ప్రశ్న. ఈస్ట్ తినేసింది. పండులోని మాలిక్, సిట్రిక్ ఆమ్లాలను మాత్రం పెద్దగా ముట్టదు కనుక పులుపు, దానితోపాటు కొంత పరిమళం మిగులుతాయి. కొద్దిగా తీపి నిలవాలంటే ప్రూన్స్, అంటే ఎండు ప్లమ్ పండ్లు, వాడవచ్చు. వాటి బరువులో 15 శాతం దాకా సార్బిటాల్ అనే తియ్యటి పదార్థం ఉంటుంది, దాన్ని బీరు ఈస్ట్ పులియబెట్టలేదు. మలబద్ధకానికి ప్రూన్స్ తినమని డాక్టర్లు చెప్పేదీ కొంతవరకు ఆ సార్బిటాల్ వల్లే. అతిథులకు పోసేముందు ఆ సంగతి చెప్పడం మర్యాద.