బెయిలు వచ్చిందంటే ఇంటికి వెళ్ళవచ్చని కాదు: స్కాట్లాండ్‌లో కేసుల గురించి అపోహలు - వాస్తవాలు

శనివారం పొద్దున్న ఆరు గంటలకు ఇండియా నంబరు నుంచి ఫోను మోగితే నాకు సగం విషయం తెలిసిపోతుంది. అవతల ఒక తండ్రి ఉంటాడు. గుంటూరు కావచ్చు, కరీంనగర్ కావచ్చు. "అమ్మా, మీరు తెలుగువాళ్ళని చెప్పి నంబరు ఇచ్చారు. రాత్రి మావాణ్ణి పోలీసులు తీసుకెళ్ళారట. మొగుడూ పెళ్ళాలు ఏదో మాటా మాటా అనుకున్నారు, అంతే. బెయిలుకు ఎంత కట్టాలి? జామీను ఎవరుండాలి? కోడలు కేసు వెనక్కి తీసుకుంటానంటోంది, సాయంత్రానికి వచ్చేస్తాడు కదా?"

గ్లాస్గోలో క్రిమినల్ కేసులు చూసే సొలిసిటరుగా పదకొండేళ్ళలో ఈ ప్రశ్నలు ఇదే వరుసలో ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఆ తండ్రి మీద నాకు కోపం లేదు. ఆయనకు తెలిసిన చట్టం అక్కడిది, ఆయన రాత్రంతా నిద్రపోలేదు. ఇక్కడే పదేళ్ళుగా కాపురముంటూ వాట్సాప్ గ్రూపుల్లో అవే మాటలు సలహాలుగా చెప్పేవాళ్ళను చూస్తేనే ఒళ్ళు మండుతుంది. ఆ సలహాలు విని రిమాండుకు వెళ్ళినవాళ్ళను నేను చూశాను.

అపోహ: ఫిర్యాదు చేసినామె వద్దంటే కేసు పోతుంది

పోదు. ఇక్కడ కేసు ఆమెది కాదు. పోలీసులు నివేదిక పంపుతారు, కేసు నడపాలా వద్దా అన్నది ప్రొక్యురేటర్ ఫిస్కల్, అంటే ప్రభుత్వం తరఫున కేసులు నడిపే న్యాయాధికారి నిర్ణయిస్తారు. భార్య ఆ కేసులో ఒక సాక్షి మాత్రమే. నాకు ఇష్టం లేదని ఆమె ఫిస్కల్ కార్యాలయానికి చెప్పుకోవచ్చు, వాళ్ళు వింటారు, పరిశీలిస్తారు. తేల్చేది మాత్రం వాళ్ళే. పైగా గృహహింస కేసుల్లో తగినంత సాక్ష్యం ఉంటే కేసు నడపడమే పోలీసులూ ఫిస్కల్ కార్యాలయమూ కలిసి పెట్టుకున్న విధానం. "భార్య భర్తకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పనక్కర్లేదట కదా" అని కొందరు అడుగుతారు. ఆ రోజులు పోయాయి. పిలిస్తే వచ్చి చెప్పాల్సిందే.

మనవాళ్ళకు ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మన దగ్గర స్టేషనులో పెద్దమనుషులు కూర్చుంటారు, కౌన్సెలింగ్ అంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో తెచ్చిన సవరణతో 498ఏ కేసులో కూడా కోర్టు అనుమతితో రాజీపడే దారి ఏర్పడింది. అందుకే రాజీ అన్న మాట మన నోట అంత తేలిగ్గా వస్తుంది. ఇక్కడ ఆ తలుపే లేదు.

పోలీసుల్ని పిలిచింది కూడా చాలాసార్లు భార్య కాదు. గోడ పక్కవాళ్ళు, కింది అంతస్తువాళ్ళు అరుపులు విని ఇక్కడి అత్యవసర నంబరు 999కు ఫోను చేస్తారు. పోలీసులు వచ్చేసరికి ఇద్దరూ సర్దుకుని టీ తాగుతూ ఉంటారు. "ఏమీ లేదండీ, వెళ్ళిపొండి" అంటే వాళ్ళు వెళ్ళిపోరు. ఇద్దరినీ వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి మాట్లాడతారు, పగిలిన గ్లాసును ఫొటో తీస్తారు.

అసలు కొంప ముంచేది: బెయిలు గురించిన అపోహ

ముందు డబ్బు సంగతి. స్కాట్లాండ్‌లో బెయిలుకు డబ్బు కట్టే పద్ధతిని 1980 చట్టంతో దాదాపుగా తీసేశారు. జామీను లేదు, పూచీకత్తు లేదు, ఆస్తి కాగితాలు అక్కర్లేదు. ఇది వినగానే ఫోనులో తండ్రి ఊపిరి పీల్చుకుంటాడు. నా భయం అక్కడే మొదలవుతుంది. ఎందుకంటే డబ్బు లేదు కాబట్టి బెయిలంటే ఇక్కడ మొత్తం షరతులే. ఆ షరతులు నిలబెట్టుకోవడమే మీరు కట్టే పూచీ.

పిలిచినప్పుడు కోర్టుకు రావాలి, మరో నేరం చేయకూడదు, సాక్షుల జోలికి పోకూడదు, ఇవి అందరికీ ఉండేవే. గృహహింస కేసులో వీటిపైన ప్రత్యేక షరతులు పెడతారు: భార్యను కలవకూడదు, ఏ విధంగానూ సంప్రదించకూడదు, ఆ ఇంట్లోకి అడుగు పెట్టకూడదు. ఇంటి అద్దె మీ పేరు మీదే ఉండవచ్చు, మీ బట్టలూ మందులూ లాప్‌టాప్ అన్నీ లోపలే ఉండవచ్చు. అయినా అంతే. కోర్టుదాకా ఉంచకుండా స్టేషను నుంచే హామీ పత్రం మీద వదిలినా, అందులోనూ ఇవే షరతులు పెట్టవచ్చు.

ఒక అబ్బాయి సంగతి చెబుతాను. గుర్తు తెలియకుండా వివరాలు మార్చాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ముప్పయ్యేళ్ళు, రెండేళ్ళ పాప. శుక్రవారం రాత్రి అరెస్టు. వారాంతంలో కోర్టు లేదు కాబట్టి మూడు రాత్రులు, రెండు పగళ్ళు కస్టడీలో ఉన్నాడు. సోమవారం క్లైడ్ నది ఒడ్డున ఉన్న గ్లాస్గో షెరిఫ్ కోర్టులో నిలబెట్టారు. నేరం ఒప్పుకోలేదు, బెయిలు ఇచ్చారు. షరతులు అతనికి నేను ఇంగ్లీషులో చెప్పాను, తెలుగులో చెప్పాను. తలూపాడు. మూడు రోజులు నిద్రలేని మనిషి తలూపడాన్ని నమ్మకూడదని నాకు అప్పటికే తెలిసి ఉండాల్సింది.

బయటికి రాగానే ఫోను ఆన్ చేశాడు. భార్య నుంచి పదకొండు మెసేజీలు. చివరిది: "పాప నాన్న నాన్న అని ఏడుస్తోంది, అన్నం ముట్టలేదు, ఒక్కసారి వచ్చి వెళ్ళండి." వెళ్ళాడు. ఆమె పప్పు అన్నం కలిపి పెట్టింది, అతను పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని తినిపిస్తున్నాడు. అరుపులు లేవు, గొడవ లేదు. పై అంతస్తువాళ్ళు అతను మెట్లెక్కడం చూసి ఫోను చేశారు. రాత్రి ఎనిమిదిన్నరకు పోలీసులు తలుపు కొట్టారు.

మర్నాడు కోర్టు కింద ఉన్న గదిలో అతణ్ణి మళ్ళీ కలిశాను. బెయిలు కాగితం నాలుగు మడతలతో చొక్కా జేబులోనే ఉంది. విప్పి చూసిన గుర్తు కూడా లేదు. "మేడమ్, తనే కదా పిలిచింది" అన్నాడు.

ఈ మాటకు జవాబునే నేను అందరికీ గోడమీద రాసి చూపించాలనుకుంటున్నాను. ఆ షరతు కోర్టు మీకు పెట్టింది. దాన్ని సడలించే అధికారం మీ భార్యకు లేదు. ఆమె ఫోను చేస్తే ఆమె మీద ఏ కేసూ రాదు. మీరు ఎత్తి మాట్లాడితే మీ మీద వస్తుంది. ఆమె పిలిచిందన్నది సాకుగా నిలవదు. బెయిలు ఉల్లంఘన విడిగా మరో నేరం, పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. మొదటి కేసులో రేపు మీరు నిర్దోషిగా తేలినా, ఈ రెండో నేరం అలాగే ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, రెండోసారి బెయిలు అడిగినప్పుడు "ఇతను షరతులు పాటిస్తాడు" అని చెప్పడానికి నా చేతిలో ఏమీ మిగలదు. ఆ అబ్బాయికి బెయిలు రాలేదు. మాటల గొడవ కేసులో జైలుకు వెళ్ళాల్సిన పరిస్థితే లేని మనిషి, పాపకు అన్నం తినిపించినందుకు రిమాండుకు వెళ్ళాడు.

మధ్యవర్తుల గురించి కూడా చెప్పాలి. "నేను మాట్లాడలేదు, మా అమ్మతో చెప్పించాను" అంటారు. అమ్మ ద్వారా, స్నేహితుడి ద్వారా, పాప టాబ్లెట్ ద్వారా, డబ్బు పంపుతూ బ్యాంకు యాప్‌లో రాసే చిన్న మాట ద్వారా, ఏ దారిలో పంపినా అది సంప్రదించడమే. అత్తగారు మంచి మనసుతో గుంటూరు నుంచి కోడలికి ఫోను చేసి "వాడు నిన్ను క్షమించమంటున్నాడమ్మా" అంటే, సాక్షి మీద ఒత్తిడి తెచ్చారన్న మాట కూడా రావచ్చు.

మరి దారి లేదా? ఉంది. మీ లాయరుతో షరతుల పునఃపరిశీలనకు కోర్టులో దరఖాస్తు పెట్టించాలి. భార్య తన అభిప్రాయాన్ని ఫిస్కల్ కార్యాలయానికి తనంతట తాను, మీ ప్రమేయం లేకుండా చెప్పుకోవాలి. కొన్నిసార్లు షెరిఫ్ (ఇక్కడ జడ్జిని అలా అంటారు) ఒప్పుకుంటారు, కొన్నిసార్లు పిల్లల కోసం మూడో వ్యక్తి ద్వారా మాత్రమే మాట్లాడే వీలు ఇస్తారు, కొన్నిసార్లు కుదరదంటారు. బట్టలూ పాస్‌పోర్టూ తెచ్చుకోవాలంటే పోలీసు వెంట ఉండగా ఒకసారి వెళ్ళే ఏర్పాటు అడగవచ్చు. అంతదాకా స్నేహితుడి ఇంట్లో సోఫా మీద పడుకోండి.

ఇదంతా చదివి, ఇంట్లో నిజంగా దెబ్బలు తింటున్న అక్కచెల్లెళ్ళు ఫోను చేయడానికి వెనకాడితే నేను రాసింది తప్పయిపోతుంది. భయంగా ఉంటే 999కు ఫోను చేయండి. మాట్లాడుకోవాలంటే స్కాట్లాండ్ గృహహింస సహాయ నంబరు 0800 027 1234 రాత్రీ పగలూ పనిచేస్తుంది. ఆ షరతులు ఉన్నది మిమ్మల్ని కాపాడటానికే. అత్తమామలు ఒత్తిడి తెచ్చి ఆమె చేత "వచ్చెయ్యండి" అని మెసేజీ పెట్టించిన కేసులు కూడా చూశాను. చట్టం ఆమె సమ్మతి మీద ఆధారపడకపోవడానికి కారణం అదే.

అపోహ: నోరు విప్పకపోతే తప్పు ఒప్పుకున్నట్టే

ఇది ఇంగ్లండు నుంచి కొట్టుకొచ్చిన మాట. అక్కడ 1994 చట్టం ప్రకారం, పోలీసులకు చెప్పకుండా దాచి తర్వాత కోర్టులో చెప్పిన మాటను అనుమానించవచ్చు. స్కాట్లాండ్‌లో అది లేదు. పోలీసు విచారణలో మౌనంగా ఉన్నందుకు ఇక్కడ మీకు వ్యతిరేకంగా ఏ నిర్ణయానికీ రాకూడదు. పేరు, చిరునామా, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, జాతీయత మాత్రం చెప్పాలి. మిగతాదానికి జవాబివ్వాల్సిన బాధ్యత లేదు.

ఒకప్పుడు ఆరు గంటలపాటు లాయరు లేకుండానే విచారించేవారు. 2010 అక్టోబరులో క్యాడర్ కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు అది చెల్లదన్నది. 2018 జనవరి 25 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం విచారణ సమయంలో లాయరు పక్కన ఉండే హక్కు ఉంది, దానికి మీరు డబ్బు కట్టక్కర్లేదు. దుబాసీని కూడా వాళ్ళే ఏర్పాటు చేస్తారు. అభియోగం లేకుండా ఉంచగలిగేది పన్నెండు గంటలు, దాన్ని మరో పన్నెండుకు పొడిగించవచ్చు. అయినా మనవాళ్ళు "నేనేమీ తప్పు చేయలేదు, లాయరెందుకు, నిజం చెప్పేస్తే పంపేస్తారు" అని గంటసేపు మాట్లాడతారు. "కొట్టలేదండీ, చెయ్యి పట్టుకుని లాగానంతే" అంటారు. ఆ 'అంతే' నేరం ఒప్పుకోవడమని వాళ్ళకు తెలియదు.

అపోహ: చూసినవాళ్ళు లేరు కాబట్టి కేసు నిలవదు

ఇక్కడ ఒక్కరి మాట మీద శిక్ష వేయరు, దాన్ని బలపరిచే మరో ఆధారం కావాలి, అది నిజమే. కానీ ఆ ఆధారం రెండో ప్రత్యక్షసాక్షే కానక్కర్లేదు. 999 రికార్డింగు, చేతి మీద కమిలిన మచ్చ, ఆమె ఏడుస్తూ ఉండటం చూసిన పోలీసు, ఇవి చాలవచ్చు. 2024 అక్టోబరులో ఇక్కడి హైకోర్టు విస్తృత ధర్మాసనం, ఘటన జరిగిన వెంటనే ఆమె మరొకరితో చెప్పుకున్న మాట కూడా ఆమె సాక్ష్యాన్ని బలపరచగలదని తేల్చింది. పాత కేసుల కథలు చెప్పేవాళ్ళను నమ్మకండి.

మిగతావి గబగబా

చెయ్యి తగలకపోయినా దాడి నేరమే, కొట్టబోయినట్టు మీదికి దూకితే చాలు. నాలుగు గోడల మధ్య అరిచినా, అది మామూలు మనిషికి భయం కలిగించే బెదిరింపు ప్రవర్తనయితే 2010 చట్టం కింద కేసు అవుతుంది. పిల్లల్ని క్రమశిక్షణ కోసం ఒక దెబ్బ వేయవచ్చన్న వాదన 2020 నవంబరు 7 నుంచి చెల్లదు.

కారు నడిపేవాళ్ళకు: మద్యం పరిమితి ఇక్కడ 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాములు, 2014 డిసెంబరు నుంచి. ఇంగ్లండులో 80. మాంచెస్టరు స్నేహితుడి లెక్కలు సరిహద్దు దాటాక పనికిరావు.

పెప్పర్ స్ప్రే. కూతురు భద్రంగా ఉండాలని హైదరాబాదులో అమ్మ సూట్‌కేసులో పెట్టి పంపుతుంది. బ్రిటన్ మొత్తంలో అది నిషిద్ధ ఆయుధం, తుపాకుల చట్టం కింద వస్తుంది. దయచేసి పంపకండి.

అరెస్టయితేనే వీసా రద్దయిపోతుందని ఏడ్చే పిల్లలు చాలామంది. అరెస్టు అంటే అనుమానం, శిక్ష కాదు. శిక్ష పడితే వీసా మీద ప్రభావం ఉండవచ్చు, కాబట్టి నేరం ఒప్పుకునే ముందే ఇమిగ్రేషన్ లాయరును కూడా అడగాలి.

ఆ అబ్బాయి సంగతి పూర్తి చేస్తాను. కొన్ని వారాల తర్వాత బయటికొచ్చాడు. ఆపైన పునఃపరిశీలనలో షరతు కొంత సడలింది, పాపను మూడో వ్యక్తి సమక్షంలో చూడవచ్చు. ఆ సాయంత్రం నాకు ఫోను చేశాడు. "మేడమ్, కొత్త కాగితం చదువుతాను, ఒక్కసారి వినండి" అని మొదటి వాక్యం నుంచి సంతకం దాకా మెల్లగా చదివాడు. రెండో పేజీ మధ్యలో ఆగి, "ఇక్కడ ఫోను అని లేదు, చూడటం అని మాత్రమే ఉంది. అంటే వీడియో కాల్ చేయకూడదు కదా?" అని అడిగాడు. చేయకూడదన్నాను. సరేనని తర్వాతి వాక్యం చదవడం మొదలుపెట్టాడు.