పీఎం కిసాన్ డబ్బు పడలేదా? ముందు ఈ అపోహలు వదిలించుకోండి

అపోహ: దరఖాస్తులో రాసిన ఖాతాలోనే డబ్బు పడుతుంది.

వాస్తవం: విడతకు వచ్చే 2,000 రూపాయలకు దారి చూపేది ఖాతా నంబరు కాదు, ఆధార్. బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ ఎన్‌పీసీఐ దగ్గర మీ ఆధార్‌కు చివరిగా ఏ బ్యాంకు జతపడి ఉందో అక్కడికే వెళ్తాయి. ఉపాధి హామీ కూలికో గ్యాస్ సబ్సిడీకో మధ్యలో ఇంకో ఖాతా తెరిచి ఉంటే, మీరు మరిచిపోయిన ఆ పాస్‌బుక్కులోనే పడుతూ ఉండొచ్చు. మైఆధార్ సైట్లో ఓటీపీతో లాగిన్ అయి 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' నొక్కండి. బ్యాంకు పేరు, యాక్టివో కాదో కనిపిస్తాయి. యాక్టివ్ కాకపోతే బ్యాంకుకు వెళ్లి డీబీటీ (ప్రభుత్వ సొమ్ము నేరుగా ఖాతాలో పడటం) కోసం ఆధార్ సీడింగ్ ఫారం, అంటే ఖాతాను ఆధార్‌కు జతచేసే ఫారం ఇవ్వాలి. అసలు చిక్కు ఇక్కడే. కేవైసీకి ఆధార్ జిరాక్స్ ఇచ్చినంత మాత్రాన ఈ సీడింగ్ అయిపోదు. కౌంటర్లో "లింకయ్యే ఉంది" అంటే, ఎన్‌పీసీఐ మ్యాపింగ్ చూడమని అడగండి.

అపోహ: ఈ-కేవైసీ చేయించాం కాబట్టి ఇక ఢోకా లేదు.

వాస్తవం: పీఎం కిసాన్ పోర్టల్లో 'నో యువర్ స్టేటస్'లో రిజిస్ట్రేషన్ నంబరు కొడితే మూడు వరుసలు వస్తాయి: ల్యాండ్ సీడింగ్ (భూమి రికార్డు జతపడిందా), ఈ-కేవైసీ, ఆధార్ బ్యాంక్ సీడింగ్. మూడింటికీ 'యస్' ఉండాలి. భూమి వరుసలో 'నో' ఉంటే బ్యాంకు చుట్టూ తిరిగి లాభం లేదు. పట్టాదారు పాస్‌బుక్కు, ఆధార్ పట్టుకుని ఆంధ్రలో రైతు సేవా కేంద్రానికి, తెలంగాణలో ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గరికి వెళ్లాలి. వేలిముద్రలు అరిగిపోయిన పెద్దవాళ్లకు పీఎం కిసాన్ యాప్‌లో ముఖం స్కాన్‌తో ఈ-కేవైసీ అవుతుంది.

అపోహ: భూమి ఎక్కువుంటే డబ్బూ ఎక్కువ.

వాస్తవం: పీఎం కిసాన్ కుటుంబానికి ఏడాదికి 6,000, అంతే. భార్య, భర్త, మైనర్ పిల్లలు కలిపి ఒక కుటుంబం. ఇద్దరి పేరా పట్టాలున్నా ఒకరికే. ఎకరాల లెక్క తెలంగాణ రైతు భరోసాది: సీజన్‌కు ఎకరాకు 6,000. ఆంధ్రలో అన్నదాత సుఖీభవ కింద రాష్ట్రం ఇచ్చే 14,000 కలిపితే 20,000. రెండు మూడు పథకాలను ఒకే గాటన కట్టడం వల్లే ఈ గందరగోళం.

అపోహ: నాన్న పొలం రాసిచ్చాడు కాబట్టి నాకూ వస్తుంది.

వాస్తవం: భూమి ఎవరి పేరున ఉందో చూడటానికి 2019 ఫిబ్రవరి 1 కటాఫ్ తేదీ. ఆ తర్వాత కొనుగోలుతోనో గిఫ్ట్ డీడ్‌తోనో పేరు మారిన కేసులను పరిశీలన కోసం ఆపుతున్నారు. పట్టాదారు చనిపోయి వారసత్వంగా వచ్చిన భూమికి మినహాయింపు ఉంది. అందుకే మరణ ధ్రువపత్రం, మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) కాగితం దగ్గర పెట్టుకోండి.

కౌలు కార్డు పీఎం కిసాన్‌కు చెల్లదు. అన్యాయమే అనిపిస్తుంది, కానీ నిబంధన అది. నెలకు 10,000 లేదా ఆపైన ప్రభుత్వ పింఛను వచ్చేవాళ్లూ అనర్హులే, అటెండరు స్థాయి వాళ్లను మినహాయించి.

స్టేటస్‌లో 'ఎఫ్‌టీఓ జనరేటెడ్' అని ఉంటే చెల్లింపు ఆదేశం వెళ్లింది, బ్యాంకు నుంచి ఖరారు రావాలి. కొత్తగా దరఖాస్తు పెట్టకండి. 'విడత ఆగింది' అంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు మాత్రం తెరవొద్దు, ఖాతా ఖాళీ చేస్తారు. సందేహముంటే హెల్ప్‌లైన్ 155261.